మిద్దె కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయి?

ధనుర్మాసం వచ్చిందంటే, మొక్కల గురించి మీరు నాకు రాసే ఉత్తరాల్లో పురుగుల ఊసు తగ్గి పాచి ఊసు పెరుగుతుంది. మన తిరుపతి వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనంతోనే కదా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మిద్దెలు ఆరనే ఆరవు. వాన తగ్గి నాలుగు రోజులు ఎండ కాసేసరికి మిద్దె నల్లగా, పిట్టగోడ మొదట్లో పచ్చగా కనిపిస్తుంది. ఎదురుగా సంక్రాంతి. ఇంకేం, అంగడికి పోయి యాసిడ్ సీసా తెచ్చుకోవడం, మిద్దెంతా పోసేయడం, కింద గొట్టం దగ్గరున్న చెట్టు మాడిపోయాక నాకు ఉత్తరం రాయడం. ఈసారి పోయకముందే రాసినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు దండం పెట్టి, ఈ నెల పేజీ మొత్తం మిద్దెకే ఇచ్చేస్తున్నాను. పిండినల్లి గురించి అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: టీచరమ్మా, మాది కొర్లగుంట. సొంతిల్లు. మిద్దె 900 చదరపు అడుగులు ఉంటుంది. పైన ముప్పై దాకా కుండీలు, కింద వాన నీళ్ళ గొట్టం పక్కన కరివేపాకు, మల్లె. పోయిన సంక్రాంతికి ఒకతన్ని పిలిపిస్తే యాసిడ్ పోసి గంటలో తెల్లగా చేసి వెళ్ళాడు. కరివేపాకు చచ్చిపోయింది. మల్లె సగం ఎండింది. పోనీ మిద్దె అన్నా బాగుందా అంటే, ఈ వానలకు అంతకుముందు కంటే ఎక్కువ నల్లబడింది. పండక్కి కొత్త అల్లుడు వస్తున్నాడు. మొక్కలు పోకుండా కడుక్కోవడం ఎట్లా?
ఒక గృహిణి, తిరుపతి

జవాబు: కొత్త అల్లుడు మిద్దె ఎక్కుతాడో లేదో గానీ, మిగిలిన సగం మల్లె కోసం చెబుతాను.

ముందు ఆ గంటలో తెల్లబడిన సంగతి. యాసిడ్ పోయగానే బుసబుసమని నురుగు వచ్చి ఉంటుంది. అది పాచి చావడం కాదు, సిమెంటు కరగడం. ఒక కోడిగుడ్డు పెంకు మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేసి చూడండి, సన్నటి బుడగలు లేస్తాయి. మీ మిద్దె మీద పడింది నిమ్మరసం కాదు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నల్లటి పొరతో పాటు దాని కిందున్న నున్నటి సిమెంటు పొరను కూడా తినేసింది. మిగిలింది ఇసుక తేలిన గరుకు నేల. గరుకులో తేమ నిలుస్తుంది, దుమ్ము నిలుస్తుంది. పాచికి ఇంకేం కావాలి? ఈ ఏడు ఎక్కువ నల్లబడింది అందుకే. పైగా ఆ యాసిడ్‌లోని క్లోరైడు పగుళ్ళ గుండా దిగితే లోపలి కమ్మీలకు తుప్పు మొదలవుతుంది. ఆ మనిషి తీసుకున్న కూలీ సంగతి ఎందుకులే గానీ, మీరు అసలు కట్టిన ఖరీదు అది.

నేనేదో తెలిసినదాన్నని చెప్పడం లేదు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి, రిటైరైన మొదటి వేసవిలోనే నేను ఇంతకంటే తెలివితక్కువ పని చేశాను. గంగజాతరకు చుట్టాలొస్తున్నారని బ్లీచింగ్ పౌడరు తెచ్చి, బైరాగిపట్టెడలో మా మిద్దె మీద గుప్పిళ్ళతో చల్లి నీళ్ళు కొట్టాను. అదీ మే నెలలో, మిట్టమధ్యాహ్నం. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూడనేలేదు. అవి పోయింది మా అత్తగారు నాటిన పందిరిమల్లె మొదట్లోకి. మూడో రోజుకు ఆకుల అంచులు, కాగితానికి సెగ తగిలినట్టు, గోధుమరంగుకు తిరిగాయి. నడిమి ఈనె మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. వారానికి చేత్తో ముట్టుకుంటే ఆకు పొడి అయిపోయేది. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ తెల్లారి సజ్జ పట్టుకుని పందిరి కిందికి వచ్చేది, పైకి చూసేది, ఖాళీ సజ్జతో లోపలికి పోయేది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పట్నుంచి నాదొక అలవాటు. మిద్దె మీద ఏది పోయాలన్నా ముందు ఒక బిందెడు మామూలు నీళ్ళు పోసి, గబగబా కిందికి దిగి ఎక్కడ కారుతున్నాయో చూస్తాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఒక గొట్టం అనుకున్న చోట రెండుంటాయి. ఒకటి ఇంకుడు గుంతలోకి పోతుంటుంది. ఇంకొకటి పక్కింటివాళ్ళ గోడ మీదుగా వాళ్ళ జామచెట్టు మీద పడుతుంటుంది. ఇంకుడు గుంతలోకి పోయేదాని మూతిలో గోనెసంచి చుట్ట గట్టిగా దూర్చి ఆ రోజుకు మూసేయండి. మల్లె దగ్గర దిగే గొట్టానికి ఒక పాత రబ్బరు పైపు తొడిగి, తీగతో బిగించి వీధి కాలవ దాకా లాగండి. కాలవలో పోసినంత మాత్రాన ఆ నీళ్ళు మాయమైపోవు, ఎక్కడో ఒక చెరువులో తేలతాయి. అందుకే మందు ఎంత తక్కువ వాడితే అంత మేలంటాను.

ఇక పని. నాలుగు రోజులు ఎండ కాసి పాచి ఎండి అట్టగట్టాక, ముక్కుకు గుడ్డ కట్టుకుని గట్టి పొరకతో ఊడ్చండి. సగం పైగా రేకుల్లా లేచి వస్తుంది. దాన్ని నీళ్ళతో గొట్టంలోకి తోయకండి, చేటలోకి ఎత్తండి. మందు తగలని పాచి కుండీలకు మంచి ఎరువు, ఆకుచెత్త ఎరువుతొట్టిలో వేసుకోవచ్చు. తర్వాత నేలను తడిపి కొబ్బరిపీచు బ్రష్షుతో రుద్దండి. ఇనుప తీగల బ్రష్షు వద్దు. అది వదిలిన తీగముక్కలు తుప్పు పట్టి, నల్లమరకల చోట ఎర్రమరకలు మిగులుతాయి. మా ఇంట్లో కుంకుడు రసం పోసి రుద్దుతాం, జిడ్డు బాగా వదులుతుంది. అయితే తామర తొట్టిలో చేపపిల్లలుంటే ఆ రసం చుక్క కూడా పడనివ్వకండి. అది చేపకు విషం.

ఇంత చేశాకా ఇంకా నల్లగా మిగిలిన చోట్లుంటాయి. బ్లీచింగ్ ద్రావణం అక్కడికే. అంగట్లో దొరికే సీసాల్లో సోడియం హైపోక్లోరైట్ మామూలుగా 4 నుంచి 6 శాతం ఉంటుంది. అందులో ఒక లీటరుకు పది లీటర్ల నీళ్ళు కలపండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు. ప్లాస్టిక్ మగ్గుతో మరక మీద మాత్రం పోసి, పావుగంట ఉంచి, ఆరిపోకముందే రుద్ది కడిగేయండి. పొద్దున ఏడు గంటలకు మొదలుపెడితే ఎండెక్కేలోపు అయిపోతుంది. గాలి వీస్తుంటే ఆ రోజు మానుకోండి. వాటం ఎటుందో చూసుకుని, ఎత్తుగా ఉన్న వైపు నుంచి గొట్టం వైపుకు, పది అడుగుల ముక్కలుగా చేసుకుంటూ రండి. మీరు నిలబడేది ఎప్పుడూ పొడి నేల మీదే ఉండాలి. తడిసిన పాచి మీద హవాయి చెప్పులతో నడవడమంటే నూనె పోసిన బండ మీద నడవడమే. పిట్టగోడ లేని మిద్దెకైతే నేను ఈ సలహాలేవీ చెప్పను, నడుముకు తాడు కట్టుకుని పని చేసే అలవాటున్న మేస్త్రీని పిలవండి.

కుండీలు ముప్పై అన్నారు. ఒక్క రోజులో అంతా చేయాలనుకోకండి. ఈ రోజు తూర్పు సగం, కుండీలన్నీ పడమటికి. రేపు దానికి తిరగేసి. జరపలేని పెద్ద తొట్లకు మాత్రం అరగంట ముందు అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్ళు పెట్టండి. కడుపు నిండిన వేరు ఇంకో గుక్క తాగదు. ఆకుల మీద కూడా చల్లండి. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, పని అవగానే తీసేయండి. ఎండలో పట్టా కింద వదిలేసిన మొక్క మందుతో కాదు, ఉడికి చస్తుంది. పట్టా తీశాక ఆకులు మళ్ళీ ఒకసారి కడగండి. నీళ్ళ ట్యాంకు మూత బిగించడం మరిచిపోవద్దు.

బకెట్లో ద్రావణం మిగిలితే మూత లేకుండా ఎండలో పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో క్లోరిన్ ఘాటు పోతుంది. వెంటనే తీసేయాలంటే, ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపో ఉందే, సోడియం థయోసల్ఫేట్, అది వేయాలి. అక్వేరియం అంగళ్ళలో క్లోరిన్ తీసే మందు అని అమ్మేవాటిలో చాలావరకు అదే ఉంటుంది. ఘాటు పోయింది కదా అని ఆ నీళ్ళు కుండీలకు పోయకండి. క్లోరిన్ పోయినా ఉప్పు పోదు. మన బోరు నీళ్ళలో ఉన్న ఉప్పు చాలు మొక్కలకు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. చంద్రగిరి దగ్గర ఫ్రెండ్స్‌తో రూములో ఉంటాను. ఓనరు అంకుల్ మిద్దె కడగమంటే, బ్లీచింగ్‌తో పోని మరక మీద బాత్రూం కడిగే యాసిడ్ కూడా కలిపి పోశాను. పచ్చటి పొగలాగా వచ్చి దగ్గు ఆగలేదు. రెండు రోజులు గొంతు మండింది. ఇది అలర్జీనా?

జవాబు: అలర్జీ కాదు నాయనా, నువ్వు మిద్దె మీద క్లోరిన్ వాయువు తయారుచేశావు. బ్లీచింగ్‌కు ఆమ్లం తగిలితే బయటికొచ్చేది అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రా దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. కందకాల్లో దాక్కున్నవాళ్ళనే అది ఎందుకు పట్టుకుందంటే, గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పల్లానికి దిగుతుంది. నువ్వు మిద్దె మీద ఉన్నావు కాబట్టి గాలికి కొంత కొట్టుకుపోయింది. అదే పని తలుపేసిన బాత్రూంలో చేసి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడివి కాదు. మెట్ల గదిలో ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళ పని ఏమయ్యేదో కూడా ఆలోచించు.

యాసిడ్ ఒక్కటే కాదు. అమోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రావణం, వినెగర్, వేరే కంపెనీ ఫ్లోర్ క్లీనర్, ఏదీ బ్లీచింగ్‌తో కలపకూడదు. ఒకటి పోసి కడిగేశాక ఇంకోటి పోయొచ్చా అని మీ వయసువాళ్ళు వెంటనే అడుగుతారు. మూలల్లో, పగుళ్ళలో మొదటిది మిగిలే ఉంటుంది. వద్దు. ఒక మరక ఉండిపోతే ఉండిపోనీ. ఓనరు అంకుల్ కోప్పడితే ఈ పేజీ చూపించు.

ఇంకెవరికైనా ఇట్లా జరిగితే, ముందు అక్కడి నుంచి గాలి తగిలే చోటికి రావాలి. సీసాలు సర్దేసి వద్దామని ఆగకూడదు. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోయాలి. ఆయాసం, గుండెల్లో పట్టేసినట్టు ఉంటే 108కి ఫోన్ చేయాలి. కాసేపటికి తగ్గినట్టు అనిపించి రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా ఉంటుంది. రెండు రోజులు గొంతు మండిందంటున్నావు. ఇప్పుడు బాగానే ఉన్నా ఒకసారి డాక్టరుకు చూపించుకో. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు చెప్పావా?

ప్రశ్న: అమ్మా, మాది పాకాల పక్కన పల్లె. మామిడికి, టమోటాకు కొట్టగా మిగిలిన మైలుతుత్తం రెండు కిలోలు ఇంట్లో ఉంది. నీళ్ళ తొట్టిలో పాచికి చిటికెడు వేస్తే పోతుంది. అదే మిద్దె మీద కొడితే పోదా? బ్లీచింగ్ కంటే మందు మంచిదే కదా, పంటకే వాడుతున్నాం.
ఒక రైతు

జవాబు: పాచి పోతుంది, అందులో మీ లెక్క తప్పు కాదు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు, అందులో ఉండేది రాగి. రాగి తగిలితే పాచి బతకదు. పోనిది రాగి. బ్లీచింగ్‌లో క్లోరిన్‌కు ఆయుష్షు తక్కువ, ఎండకే చస్తుంది. రాగి మూలకం. అది విరగదు, కుళ్ళదు, ఆవిరి కాదు. మిద్దె మీద నుంచి దిగి గొట్టం కింద అడుగు మట్టిలో కూర్చుంటుంది, ఏడాదికేడాది పోగవుతుంది. వేర్లు కురచబడతాయి, వానపాములు ఆ చోటు వదిలేస్తాయి. తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమంలో వాడేటప్పుడు సున్నం కలిపి దాని దూకుడు తగ్గిస్తాం, అదీ ఒక శాతమే. తోటంతా పరుచుకునేది వేరు, మిద్దె నీళ్ళన్నీ ఒక్క గొట్టం కింద పడేది వేరు.

ఒక పని చేయండి. గాజు గ్లాసులో మైలుతుత్తం నీళ్ళు కలిపి కొత్త ఇనుప మేకు ఒకటి వేసి, టీ తాగి రండి. మేకు ఎర్రగా మారి ఉంటుంది. ఇనుము కరుగుతోంది, దాని మీద రాగి పేరుకుంటోంది. ఏడో తరగతి పిల్లలకు నేనిది చూపిస్తే మేకు బంగారమైందని అరిచేవాళ్ళు. మీ మిద్దె మీద ఇనుప గొట్టాలు, జింకు రేకులు, ట్యాంకు స్టాండు ఉంటాయి కదా, వాటికీ అదే గతి.

ఇంకొకటి. గొర్రెలున్నాయా? పశువుల్లో రాగిని అసలు తట్టుకోలేనిది గొర్రె. ఆ తొట్టిలో చిటికెడు వేస్తున్నాం అన్నారే, ఆ నీళ్ళు గొర్రెలు తాగుతుంటే ఈ రోజే ఆపేయండి. తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి రుద్దుకుంటే సరిపోతుంది. మిగిలిన రెండు కిలోలు తడి తగలకుండా, పిల్లలకు అందకుండా పెట్టి వచ్చే పంటకు వాడుకోండి.

ప్రశ్న: మా తాతగారి ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దగ్గర వీధిలో ఉంది. దూలాల మీద ఇటుక పేర్చి సున్నంతో వేసిన పాత మిద్దె. పైన పలకలు నల్లబడ్డాయి, పిట్టగోడలో రావి మొలక వచ్చింది. ఒకాయన ప్రెషర్ మిషన్‌తో కడిగి, రావి మొదట్లో యాసిడ్ పోస్తే సరి అంటున్నారు. మీ అభిప్రాయం?

జవాబు: ఆయన్ను మెట్లెక్కనివ్వకండి.

మీది మద్రాసు మిద్దె అంటారే, ఆ రకం. టేకు దూలాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుక, ఆపైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిసతో రోజుల తరబడి కొట్టిన పొర, దాని మీద పలకలు. సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవాళ్ళు. ఆ పొర అంత ఓపికగా చేసింది కాబట్టే ఇన్నేళ్ళు నిలిచింది. సిమెంటునే కరిగించే యాసిడ్‌కు సున్నం ఒక లెక్కా? పలకల సందుల్లోని సున్నం కరిగితే నీళ్ళు దూలాల మీదికి దిగుతాయి. దూలం కొస గోడలో పొదిగి ఉంటుంది. పుచ్చేది అక్కడే, మనకు కనపడదు. ప్రెషర్ మిషన్ ధార కూడా సందుల్లోని సున్నాన్ని చెక్కేస్తుంది.

మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్ళు, అంతే. నల్లదనం కొంచెం ఉండిపోతే దాన్ని వయసు అనుకోండి. బ్లీచింగ్ కూడా వద్దు, అందులోని ఉప్పు సున్నంలోకి దిగి ఆరినప్పుడల్లా పొట్టు లేపుతుంది.

రావి సంగతి: మొలక వేలెడంత ఉంటే, గోడ బాగా నానిన రోజున వేరుతో సహా మెల్లగా లాగితే వస్తుంది. వేరు లోపలికి పోయి ఉంటే లాగకండి, ఇటుకలు కూడా వస్తాయి. మొదటికంటా కోసి, చిగురు కనపడినప్పుడల్లా గిల్లుతూ పొండి, ఆకు లేకుండా వేరు ఎన్నాళ్ళు బతుకుతుంది? తర్వాత ఆ సందును సున్నంతోనే పూడ్పించండి. సిమెంటుతో పూడిస్తే అది గట్టి, చుట్టూ ఉన్నది మెత్తన. పగులు పక్కకు జరుగుతుందే తప్ప పోదు. పాత సున్నం పని తెలిసిన మేస్త్రీలు కాళహస్తి వైపు, తిరుపతిలోనూ ఇంకా ఉన్నారు, గుడి పనులు చేసేవాళ్ళను అడిగి చూడండి. ఖర్చు ఎక్కువే అవుతుంది.

ప్రశ్న: పుత్తూరులో మాకు సిమెంటు రేకుల షెడ్డు ఉంది. పైకెక్కి రుద్ది కడిగి రంగు వేయాలనుకుంటున్నాం. పక్కనే కూరగాయల మడి.

జవాబు: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పొడిగా రుద్దినా, మిషన్‌తో కొట్టినా దాని సన్నటి పోగులు లేస్తాయి. మీ ఊపిరితిత్తుల్లోకీ, మీ మడిలోకీ. కాబట్టి రుద్దడం మానేయండి. రేకు పాతదైతే ఎండకు, వానకు పెళుసెక్కి ఉంటుంది, బోల్టులు లేని చోట కాలు పెడితే నేరుగా కిందికే. రుద్దకుండా పైన రాలిన ఆకులను మాత్రం తడిపి, నిచ్చెన మీద నుంచే పొడవాటి కర్రతో లాగేయండి. నిచ్చెన ఎంత ఎత్తులో ఆనితే, దాని కాళ్ళు గోడకు అందులో నాలుగో వంతు దూరంలో ఉండాలి, అంటే 12 అడుగులకు 3 అడుగులు. దగ్గర్లో కరెంటు తీగలుంటే అల్యూమినియం నిచ్చెన తీయనే వద్దు. రంగు వేయడానికి పెట్టే డబ్బుతో రేకులే మార్పించేదారి చూడండి.

ప్రశ్న: ఎండాకాలం చల్లదనానికి మిద్దెకు సున్నం కొట్టిస్తాం. వాన పడితే ఆ నీళ్ళు మొక్కలకు చెడుపా?

జవాబు: తడి సున్నం నీళ్ళు బాగా ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది, లేత వేర్లను కాలుస్తుంది. పదే పదే పడితే ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, అది ఇనుము అందని జబ్బు. మల్లె, గులాబీ ముందుగా చూపిస్తాయి. అయితే కొట్టిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కొన్ని వారాల్లో సుద్దగా మారిపోతుంది, ఆ తర్వాత భయం లేదు. అందుకే ఫిబ్రవరి చివర్లో కొట్టించుకోండి. మే నెలలో గాలివాన ముందురోజు కాదు.

ప్రశ్న: చిత్తూరులో మాది అద్దె ఇల్లు. పక్కింటివాళ్ళు మిద్దె కడిగిన బ్లీచింగ్ నీళ్ళు గోడ మీదుగా వచ్చి నా తులసి కోట మీద, చామంతి కుండీల మీద పడ్డాయి. ఆకులు తెల్లమచ్చలు పడి వాలిపోయాయి. అడిగితే, మేం మీ మొక్కలమీద పోయలేదే అంటున్నారు. మొక్కలు బతుకుతాయా? వాళ్ళతో ఏం చేయాలి?

జవాబు: మొక్కల సంగతి సులువు, ముందు అది చూద్దాం. ఇప్పటికి ఎన్ని రోజులైందో రాయలేదు. ఎన్ని రోజులైనా సరే, ఉత్తరం చదవగానే కుండీని పళ్ళెంలోంచి తీసి ఇటుకల మీద పెట్టి, కుండీలో పట్టేదానికి రెండు మూడింతల మంచినీళ్ళు నిదానంగా పోయండి. కింద కారిందంతా బయటికి పోవాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మునిసిపాలిటీ నీళ్ళు వాడండి. మర్నాడు ఇంకోసారి. మట్టి పైన కాస్త ఆరాక కుండీకి ఒక చెంచా జిప్సం చల్లి నీళ్ళు పెట్టండి. మన చెనక్కాయ రైతులు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు వేస్తారే, అదే జిప్సం, ఎరువుల అంగట్లో అడిగితే ఇస్తారు. చెనక్కాయకు అది కాల్షియం కోసం. మీ కుండీలో ఆ కాల్షియమే మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేస్తుంది, నీళ్ళతో పాటు అది కిందికి పోతుంది.

ఎరువు వేసి బలం ఇద్దామనుకోకండి, ఒక నెల దాకా ఏమీ వద్దు. ఎండిన కొమ్మలు కూడా ఇప్పుడే కత్తిరించకండి. గోరుతో బెరడు కాస్త గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. చామంతి మొదట్లోంచి పిలకలు వేస్తుంది, దానికి దిగులు లేదు. తులసి మాత్రం ఎంత ముదిరిందో దాన్ని బట్టి. ఏమైనా కోటలో రాలిన విత్తనాలుంటాయి, పైమట్టి కాస్త తడిగా ఉంచితే మొలకలు వస్తాయి.

పక్కింటివాళ్ళు అబద్ధమాడారని అనుకోవద్దు. వాళ్ళు పోసింది వాళ్ళ మిద్దె మీదే, అది ఎక్కడ దిగిందో వాళ్ళకు నిజంగానే తెలియకపోవచ్చు. నాకు తెలిసిందా? తగువు పెట్టుకోకుండా ఒక రోజు మీ ఇంటికి కాఫీకి పిలవండి. ముందే మీ పిల్లల్లో ఒకరిని వాళ్ళను అడిగి వాళ్ళ మిద్దె మీద ఒక బిందె నీళ్ళు పోయమనండి. కాఫీ తాగుతుండగా అవి తులసి కోట మీద పడతాయి. ఆ తర్వాత వాళ్ళ గొట్టానికి ఒక వంపు ముక్క, మూడు అడుగుల పైపు కలిపితే సరిపోతుంది, దాని ఖర్చు సగం మీరు పెట్టుకుంటామనండి. అద్దె ఇల్లు కాబట్టి మీ ఓనరుతో కూడా ఒక మాట చెప్పి చేయండి.

ప్రశ్న: అలిపిరి వైపు మాకు కోతుల బెడద. మిద్దె కడుగుతుంటే బ్లీచింగ్ సీసా పడదోసి పోయాయి. ఏం చేయాలి?

జవాబు: ద్రావణం కింద ఇంట్లోనే కలుపుకుని, పైకి ఒక్క మగ్గెడు ద్రావణమే మూత ఉన్న డబ్బాలో తీసుకెళ్ళండి. పడినా అంతే పడుతుంది, ఒక బకెట్ నీళ్ళతో పోతుంది. శేషాచలం కింద ఇల్లు కట్టుకున్నాక ఇంతకు మించి నా దగ్గర ఉపాయం లేదు. మా బైరాగిపట్టెడకూ ఒకటి రెండు దారి తప్పి వస్తుంటాయి. నా కొబ్బరిపీచు బ్రష్షు ఎత్తుకుపోయినది మొన్న ఎదురింటి ట్యాంకు మీద కూర్చుని దాంతో వీపు గోక్కుంటూ కనిపించింది.